లోతు సముద్రపు ముళ్ళ సొర – మన గని నేర్పిన పాఠం

(కోరమండల్‌లో జరిగిన మన ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో, ఇక్కడే పుట్టి పెరిగి జంతుశాస్త్ర అధ్యాపకులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్ద చేసిన ప్రసంగ పాఠం. సభకు రాలేకపోయిన విద్యార్థులు, తల్లిదండ్రుల కోసం ప్రచురిస్తున్నాము.)



నన్ను పిలిచినప్పుడు కార్యదర్శిగారు ఒక మాట అన్నారు. "సార్, విద్య విలువ గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెప్తూనే ఉన్నారు. మీరు మీ సబ్జెక్టులోది ఏదైనా ఒక్కటి పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పండి" అన్నారు. సరే, సముద్రపు లోతుల్లో ఉండే ఒక సొరచేప గురించి చెప్తానన్నాను. ఆయన కాసేపు ఆగి, "మన పిల్లల్లో చాలామంది సముద్రమే చూడలేదు సార్. సొరచేప ఎందుకు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చివర్లో చెప్తాను. అప్పటిదాకా కార్యదర్శిగారు ఓపిక పట్టాలి.

ఈ సంగతి ఎంచుకోవడానికి ఇంకొక కారణం ఉంది. కొన్నాళ్ళ క్రితం మా వీధిలో ఒకాయన ఒక మాత్రల సీసా పట్టుకొని మా ఇంటికి వచ్చారు. మనవరాలికి మాటిమాటికీ జలుబు చేస్తోందట. ఎవరో ఈ మాత్రలు మంచివని చెప్తే, వెల ఎక్కువైనా కొన్నారు. "పాపకు పెట్టొచ్చా సార్?" అని అడిగారు. సీసా మీద 'లోతు సముద్రపు సొరచేప కాలేయం నూనె' అనీ, దాని కింద చిన్న అక్షరాలతో 'స్క్వాలీన్' అనీ ఉంది. ఆ ఒక్క మాట వెనక ఎంత కథ ఉందో ఆయనకు చెప్పబోయాను. అర్ధగంట చెప్పినా సగం కూడా కాలేదు. మిగతా సగం ఈ రోజు మీ అందరికీ చెప్తాను.

మన ఊరి పేరు, మన గని లోతు

పిల్లలూ, మనం ఉన్న ఊరి పేరు కోరమండల్. నిజానికి అది సముద్రతీరం పేరు. కృష్ణా నది సముద్రంలో కలిసే చోటు దగ్గర్నుంచి దక్షిణాన తమిళనాడులోని కోడిక్కరై దాకా ఉన్న తూర్పు తీరాన్ని కోరమండల్ తీరం అంటారు. చోళమండలం అన్న మాట అలా మారిందని చెప్తారు. ఆ తీరం మనకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. తీరం పేరు పెట్టుకున్న మన ఊళ్ళో సముద్రం లేదు గానీ, లోతు అంటే ఏమిటో మనకు తెలిసినంతగా ఆ తీరంలో ఉన్నవాళ్ళకు కూడా తెలియదు.

మా నాయన చాంపియన్ రీఫ్ గనిలో పనిచేశారు. షిఫ్టు ముగించుకొని ఇంటికి వచ్చి, రెండు చెంబుల నీళ్ళు తాగిగానీ మాట్లాడేవారు కాదు. "కిందికి పోయేకొద్దీ బండ కాలుతుంది రా" అనేవారు. ఆ గని సుమారు 3,200 మీటర్ల లోతుకు, అంటే పదివేల అడుగులు దాటి వెళ్ళింది. ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో అదొకటి. అడుగున బండ వేడి 60 డిగ్రీలు దాటేది. చల్లబరచిన గాలిని పైనుంచి పంపితేగానీ మనుషులు పనిచేయలేకపోయేవారు. ఏర్ బ్లాస్ట్ అయితే పైన ఇళ్ళల్లో గిన్నెలు కదిలేవి. ఈ సభలో ఉన్న పెద్దలకు ఇవన్నీ నేను చెప్పనక్కరలేదు.

పిల్లలకు అర్థం కావడానికి ఆ గని లోతునే కొలబద్దగా పెట్టుకుందాం. ఆ షాఫ్టు బండలో కాకుండా సముద్రంలో దిగుతోందని ఊహించుకోండి. కేజ్ ఎక్కి కిందికి పోదాం.

చలి, చీకటి, బరువు

గనిలో దిగితే వేడి పెరుగుతుంది. సముద్రంలో దిగితే దానికి తలకిందులు. బంగాళాఖాతంలో పైనీళ్ళు 28 డిగ్రీల దగ్గర ఉంటాయి. 1,000 మీటర్ల లోతుకు వెళ్ళేసరికి ఆరేడు డిగ్రీలకు పడిపోతాయి. ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్ళంత చలి అన్నమాట, అదీ ఏడాది పొడుగునా.

వెలుతురు సంగతి చూద్దాం. 200 మీటర్లు దాటితే మొక్కలు ఆహారం తయారుచేసుకోవడానికి చాలినంత వెలుతురు ఉండదు. అక్కడినుంచి మిగిలేది మసక నీలిరంగు మాత్రమే. 1,000 మీటర్ల దగ్గర అదీ ఆగిపోతుంది. ఆ తర్వాత కనిపించే వెలుగంతా జంతువులు తమ ఒంట్లో తాము పుట్టించుకునే వెలుగే, మిణుగురు పురుగు లాగ.

ఇక బరువు. ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతూ పోతుంది. 1,000 మీటర్ల లోతున ఒక చదరపు సెంటీమీటరు మీద సుమారు 100 కిలోల బరువు పడుతుంది. మీ బొటనవేలి గోరు మీద నాలుగు 25 కిలోల బియ్యం బస్తాలు పేర్చినట్టు. శరీరంలో గాలి నిండిన సంచి ఏదైనా ఉంటే అది నలిగిపోతుంది. గట్టి ఇనుప డబ్బా కూడా సొట్టబోతుంది.

ఇలాంటి చోట బ్రతికే సొరచేపల్లో ఒక కుటుంబం గురించే ఈ రోజు నా మాట.

ముళ్ళ సొర

ఇంగ్లీషులో దీన్ని గల్పర్ షార్క్ అంటారు. శాస్త్రీయ నామం సెంట్రోఫోరస్. 1837లో ముల్లర్, హెన్లె అనే ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు. గ్రీకు భాషలో 'ముల్లు మోసేది' అని అర్థం. దీని వీపు మీద రెండు రెక్కలుంటాయి. ఒక్కొక్క రెక్క ముందు అంచున ఒక గట్టి ముల్లు ఉంటుంది. అందుకే మనం దీన్ని ముళ్ళ సొర అని పిలుచుకుందాం.

నేను బి.ఎస్సీ. చదివే రోజుల్లో ప్రాక్టికల్స్‌లో సొరచేపను కోసేవాళ్ళం. తీరంలో దొరికే స్కోలియోడాన్ అనే చిన్న సొర, ఫార్మలిన్‌లో నానబెట్టి తెచ్చేవారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా దాని తలలోని నరాలను ఒక్కొక్కటిగా విడదీసేవాళ్ళం. సముద్రాన్ని నేను మొదట వాసన చూసింది ఆ ఫార్మలిన్ ట్రేలోనే. ఆ స్కోలియోడాన్‌కూ, ముళ్ళ సొరకూ తేడా చెప్తాను, వినండి.

స్కోలియోడాన్ వీపు రెక్కలకు ముళ్ళుండవు, ముళ్ళ సొరకు ఉంటాయి. స్కోలియోడాన్‌కు పొట్ట కింద, తోకకు ముందు ఒక రెక్క ఉంటుంది, ముళ్ళ సొరకు అది ఉండదు. ముళ్ళ సొర చాలావరకు మీటరు పొడవు ఉంటుంది. కొన్ని జాతులు మీటరున్నర దాకా పెరుగుతాయి. సినిమాల్లో చూపించే భయంకరమైన సొర కాదిది. మనుషులకు దీనివల్ల ఏ హానీ లేదు. లాంతరు చేపలు, కూనిరొయ్యలు, రొయ్యలు తిని బ్రతుకుతుంది. పైదవడ పళ్ళు సన్నగా ఈటెల్లా, కిందిదవడ పళ్ళు వెడల్పుగా కత్తిపీట అంచులా ఉంటాయి. పైపళ్ళతో పట్టుకుంటుంది, కిందిపళ్ళతో కోస్తుంది.

దీనికి అన్నిటికన్నా అందమైనవి కళ్ళు. పెద్దవి, పచ్చగా మెరుస్తాయి. రాత్రిపూట పిల్లి కళ్ళ మీద టార్చి వేస్తే మెరుస్తాయి కదా, అదే ఏర్పాటు ఇక్కడా ఉంది. కంటి వెనక అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. లోపలికి వచ్చిన వెలుగు ఒకసారి కంటిపొరను తాకి, ఆ అద్దం మీద పడి వెనక్కి మళ్ళి రెండోసారి తాకుతుంది. ఉన్న కొంచెం వెలుగునూ రెండుసార్లు వాడుకుంటుందన్నమాట. దీనికి తోడు, అన్ని సొరల్లాగే దీని మూతి చర్మం మీద సన్నటి రంధ్రాలుంటాయి. ఇతర జీవుల కండరాలు కదిలినప్పుడు పుట్టే అతి చిన్న విద్యుత్తును వాటితో కనిపెడుతుంది.

ఆస్ట్రేలియాలో ఈ కుటుంబానికి చెందిన సొరలకు చిన్న పరికరాలు తగిలించి వదిలి చూశారు. అవి పగలంతా లోతున ఉండి, చీకటి పడ్డాక కొన్ని వందల మీటర్లు పైకి వచ్చి మేసి, తెల్లవారేసరికి మళ్ళీ కిందికి దిగిపోతున్నాయి. మన గనిలో మనుషులు షిఫ్టులు మారినట్టే. సైరన్ మోగదు, అంతే తేడా.

మన దేశపు నీళ్ళలోనూ ఈ ముళ్ళ సొరలున్నాయి. అండమాన్ దీవుల చుట్టూ, కేరళ తీరానికి ఆవల లోతు నీళ్ళలో దొరుకుతున్నాయి. మన సముద్రాల లోతుల్ని మొదట శ్రద్ధగా వెదికినది ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ. ఆ ఓడ మీద 1888 నుంచి 1892 దాకా వైద్యుడుగా పనిచేసిన ఆల్కాక్ అనే ఆయన జంతుశాస్త్రజ్ఞుడు కూడా. అండమాన్ సముద్రపు లోతుల్లో దొరికిన ఒక చిన్న సొరను 1891లో ఆయనే మొదటిసారి లోకానికి వర్ణించి చెప్పాడు. డాక్టరు ఉద్యోగంలో చేరినవాడు వలలో పడిన ప్రతిదాన్నీ కూర్చొని చూశాడు, రాశాడు. ఉద్యోగం ఒకటి, కుతూహలం ఒకటి అయినా రెండూ సాగించవచ్చని చెప్పడానికి ఆయన జీవితమే సాక్ష్యం.

నూనె సంచి

ఇప్పుడు మాత్రల సీసా దగ్గరికి వద్దాం. మామూలు చేపల్లో చాలావాటికి పొట్టలో గాలి తిత్తి ఉంటుంది. దాని సాయంతో నీళ్ళలో మునగకుండా, తేలకుండా నిలుస్తాయి. సొరలకు ఆ తిత్తి లేదు. ఈత ఆపితే మునిగిపోవాలి. తీరంలో ఉండే సొరలు తిండి దండిగా దొరుకుతుంది కాబట్టి ఎప్పుడూ ఈదుతూనే ఉండగలవు. లోతున తిండి తక్కువ. అస్తమానం ఈదుతుంటే ఖర్చు రాబడిని మించిపోతుంది. సంసారం నడిపే తల్లులకు ఈ లెక్క తొందరగా అర్థమవుతుంది.

ముళ్ళ సొర దీనికి వెదుక్కున్న ఉపాయం దాని కాలేయం. మన ఒంట్లో కాలేయం బరువు మొత్తం బరువులో నూటికి రెండు వంతులు. ముళ్ళ సొరలో అది నూటికి పాతిక వంతుల దాకా ఉంటుంది. పది కిలోల సొరలో రెండున్నర కిలోలు కాలేయమే! ఆ కాలేయం నిండా నూనె. ఆ నూనెలో ఎక్కువ భాగం స్క్వాలీన్. జపాన్‌కు చెందిన సుజిమోటో అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1900ల తొలినాళ్ళలో సొర నూనెలో దీన్ని కనిపెట్టి ఆ పేరు పెట్టాడు. ఒక లీటరు సముద్రపు నీరు 1,026 గ్రాములుంటే, ఒక లీటరు స్క్వాలీన్ 860 గ్రాములే. అంటే ప్రతి లీటరు నూనే ఆ సొరను సుమారు 165 గ్రాముల మేర పైకి ఎత్తి పట్టుకుంటుంది. గాలి అయితే లోతులో నలిగిపోయేది. నూనె నలగదు. ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఉంటే దీని గురించి ఆలోచించండి. లోతుకు దిగే పరికరం మీరు తయారుచేయవలసి వస్తే ఇంతకన్నా మంచి ఉపాయం దొరుకుతుందా?

కాని ఈ ఉపాయానికీ ఒక హద్దుంది. 2006లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రపంచ సముద్రాల లెక్కలన్నీ చూసి ఒక విచిత్రం చెప్పారు. సుమారు 3,000 మీటర్లు దాటితే సొరలు దాదాపు లేవు. ఒకటీ అరా జాతి 3,700 మీటర్ల దాకా కనబడింది, అంతే. ఇతర చేపలు 8,000 మీటర్ల దాకా ఉన్నాయి. అంత లోతున తిండి మరీ తక్కువ. నూనె నిండిన ఇంత పెద్ద కాలేయాన్ని పోషించే స్తోమత అక్కడ ఉండదని వాళ్ళ అభిప్రాయం. ఒత్తిడిని తట్టుకోవడానికి సొరల ఒంట్లో ఉండే రసాయనాలకు కూడా ఒక పరిమితి ఉందని ఇంకొందరు అంటున్నారు.

3,000 మీటర్లు అంటే గుర్తుందా? మన చాంపియన్ రీఫ్ గని లోతు ఇంచుమించు అంతే. ఇరవై కోట్ల ఏళ్ళకు పైగా సముద్రాలను ఏలుతున్న సొరజాతి ఏ లోతు దగ్గర వెనక్కి తిరిగిందో, ఆ లోతు దాకా మన నాయనలు, తాతలు బండను తొలుచుకుంటూ వెళ్ళారు.

ఒక బిడ్డ, రెండేళ్ళు

ఇప్పుడు అసలు సంగతి. మనం తినే నూనె కవళ్ళు ఒక ఏడాదిలోపే ఈడుకొస్తాయి. ఒక్కొక్కటి వేల వేల గుడ్లు పెడుతుంది. ఎన్ని పట్టినా మళ్ళీ పుంజుకోవడానికి అవకాశం ఉంటుంది. ముళ్ళ సొర దారి వేరు. ఇది గుడ్లు బయట పెట్టదు. గుడ్డు లోపలే ఉండి, అందులోని సొన తింటూ పిల్ల పెరుగుతుంది. ఆ గుడ్డు కోడిగుడ్డు కన్నా ఎంతో పెద్దది. కొన్ని జాతుల్లో కాన్పుకు ఒక్కటే పిల్ల, కొన్నిటిలో రెండు, మరికొన్నిటిలో ఇంకొన్ని. కడుపు మోసే కాలం సుమారు రెండేళ్ళు.

వీటి వయసు ఎలా తెలుస్తుంది? చెట్టు మానును కోస్తే వలయాలు కనబడతాయి కదా. ముళ్ళ సొర వీపు ముల్లును అడ్డంగా సన్నగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే అలాంటి వలయాలే కనబడతాయి. వాటిని లెక్కపెట్టి వయసు అంచనా వేస్తారు. మధ్యధరా సముద్రంలో చేసిన అధ్యయనంలో ఆడవి పన్నెండు నుంచి పదహారేళ్ళకు ఈడుకొస్తున్నాయని, దాదాపు నలభై ఏళ్ళు బ్రతుకుతున్నాయని తేలింది. అట్లాంటిక్ సముద్రంలోని ఇంకొక జాతికి డెబ్భై ఏళ్ళ దాకా అంచనా వేశారు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఏడో తరగతి పిల్లలు కూడా చేయగలరు. ఒక ఆడ సొర 15వ ఏట మొదటిసారి కడుపుతో ఉందనుకోండి. 39 ఏళ్ళు బ్రతికిందనుకోండి. మధ్యలో 24 ఏళ్ళు. కాన్పుకు రెండేళ్ళు చొప్పున 12 కాన్పులు, 12 పిల్లలు. సగం ఆడవి అనుకుంటే ఆరు. మధ్యలో విశ్రాంతి కాలం తీసేయండి. పెద్దయ్యేలోపు చనిపోయేవాటిని తీసేయండి. చివరికి తల్లి స్థానంలో నిలబడేవి రెండో మూడో. ఏ జబ్బూ లేక, ఏ వలా తగలక, జీవితమంతా సాగితే వచ్చే లెక్క ఇది. అదే సొర 14వ ఏట వలలో పడితే లెక్క ఎంత? సున్నా. పద్నాలుగేళ్ళు పెరిగి కూడా సున్నా.

లెక్క తప్పిన చోట

ఈ లెక్క తెలియక, తెలిసినా పట్టించుకోక జరిగిన నష్టం చూడండి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ తీరానికి ఆవల 1976–77లో ఒక పరిశోధన ఓడ వలలు లాగి ఏమేమి పడ్డాయో లెక్క రాసింది. ఇరవై ఏళ్ళ తర్వాత 1996–97లో అదే ఓడ అవే చోట్లకు వెళ్ళి మళ్ళీ వలలు లాగింది. ముళ్ళ సొరలు నూటికి తొంభైతొమ్మిది వంతులకు పైగా తగ్గిపోయాయి. నూరు ఉన్నచోట ఒకటి కూడా లేదు. ఇరవై ఏళ్ళంటే ఒక ముళ్ళ సొర పిల్ల పెరిగి తల్లి కావడానికి పట్టే కాలం కన్నా కొంచెమే ఎక్కువ.

మన పొరుగున మాల్దీవుల్లో 1980 ప్రాంతంలో ఈ నూనె కోసమే వేట మొదలయింది. కొద్ది ఏళ్ళు బాగా డబ్బు వచ్చింది. తర్వాత సొరలు దొరకడం తగ్గిపోయి వేట కూలిపోయింది. 2010లో ఆ దేశం మొత్తం సొరల వేటనే నిషేధించింది. 2025లో ముళ్ళ సొరల వేటను మళ్ళీ తెరుస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించేసరికి పాత చర్చ మళ్ళీ లేచింది. ఐరోపా సమాఖ్య కూడా 2010 నాటికి ఈశాన్య అట్లాంటిక్‌లో లోతు సొరల వేట పరిమితిని సున్నాకు దించింది. మన దేశంలో కేరళ, తమిళనాడు జాలర్లు 2000 తర్వాత పొడవాటి తాళ్ళకు గాలాలు కట్టి లోతు నీళ్ళకు వెళ్ళడం పెరిగింది. కొచ్చి హార్బరుకు ఈ సొరలు రావడం మొదలయింది. జాలర్లను నేను తప్పు పట్టను. తీరంలో చేపలు తగ్గితే మనిషి లోతుకు పోతాడు. పిల్లల్ని చదివించాలి కదా. మన నాయనలు లోతుకు దిగింది కూడా అందుకే.

ఇక్కడే మన గని గుర్తుకు వస్తుంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినప్పుడు రాయిలో బంగారం దండిగా ఉండేది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. క్లబ్బులు, ఆసుపత్రి, బళ్ళు అన్నీ వచ్చాయి. పోనుపోను టన్ను రాయికి వచ్చే బంగారం తగ్గుతూ పోయింది, లోతు పెరుగుతూ పోయింది. ఖర్చు రాబడిని మించింది. ఎనిమిది వందల టన్నులకు పైగా బంగారం ఇచ్చిన గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. మిగిలింది సైనైడ్ దిబ్బలు, తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కే మన జనం. ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో ఏం జరిగిందో ఈ సభలో చాలామందికి తెలుసు. నేను వివరించను.

కాని ఒక తేడా గమనించండి. బంగారం తిరిగి పుట్టదు. తవ్వితే అయిపోవడం దాని స్వభావం. ముళ్ళ సొర తిరిగి పుడుతుంది, కాకపోతే చాలా నెమ్మదిగా. దాన్ని కూడా మనం గనిలాగ తవ్వేస్తే, అయిపోవడం దాని స్వభావం వల్ల కాదు, మన తొందర వల్ల. గని మూతపడినప్పుడు ఏమవుతుందో చూసిన ఊరివాళ్ళం కాబట్టి ఈ మాట చెప్పే హక్కు మనకు ఇంకొకరికన్నా ఎక్కువే ఉంది.

మాత్రల సీసా సంగతి

ఇప్పుడు తాతగారి ప్రశ్నకు జవాబు. తల్లిదండ్రులు శ్రద్ధగా వినాలి.

మీలో పెద్దవాళ్ళకు చిన్నప్పుడు చెంచాతో పట్టించిన సొర నూనె గుర్తుండవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విదేశాల నుంచి కాడ్ చేప నూనె రావడం ఆగిపోతే, మద్రాసు, తిరువాంకూరు ప్రభుత్వాలు తీరపు సొరల కాలేయం నుంచి నూనె తీయించాయి. అందులో విటమిన్ ఎ దండిగా ఉండేది. రేచీకటికి అది నిజంగా మందే. 1947లో స్విట్జర్లండులో విటమిన్ ఎ ని కృత్రిమంగా తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. దాంతో సొరల అవసరం తగ్గింది. లోతు సొరల నూనెలో ఎక్కువగా ఉండేది స్క్వాలీన్. అది వేరు, ఇది వేరు. రెండిటినీ ఒకటనుకొని కొంటున్నారు.

స్క్వాలీన్ మన ఒంట్లోనూ తయారవుతుంది. మన కాలేయం కొలెస్ట్రాల్ తయారుచేసే దారిలో అది ఒక మెట్టు. మన చర్మం మీది జిడ్డులోనూ ఉంది. కొరత ఏర్పడి జబ్బు చేయడానికి అదేమీ విటమిన్ కాదు. సొరలకు కాన్సర్ రాదని 1992లో అమెరికాలో ఒక పుస్తకం వచ్చి ఊరూరా ప్రచారం జరిగింది. అది నిజం కాదు. సొరల్లోనూ కణితులు కనబడ్డాయి, శాస్త్ర పత్రికల్లో నమోదయ్యాయి. కాబట్టి డాక్టరు చెప్పకుండా ఇటువంటి మాత్రలు పిల్లలకు పెట్టవద్దు. ఆ డబ్బుతో గుడ్లు, పాలు, ఆకుకూరలు కొని పెట్టండి. ఆయనకు కూడా నేను ఇదే చెప్పాను. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు గానీ, సీసా మాత్రం విప్పలేదు.

స్క్వాలీన్‌కు అసలు గిరాకీ సౌందర్య సాధనాలలో ఉంది. కొన్ని టీకాలలోనూ అతి కొద్దిగా, ఒక మోతాదుకు పది మిల్లీగ్రాముల చొప్పున కలుపుతారు. టీకాలు కావాలి, అందులో సందేహం లేదు. ఆనందించవలసిన విషయం ఏమిటంటే, ఇదే పదార్థం ఆలివ్ నూనెలో ఉంది, మన తోటకూర జాతి గింజల నూనెలో ఉంది. చెరకు చక్కెరను ఈస్ట్‌తో పులియబెట్టి కూడా తయారుచేస్తున్నారు. విటమిన్ ఎ విషయంలో ప్రయోగశాల సొరలను కాపాడినట్టే, ఈసారి కూడా కాపాడగలదు. ఆ ప్రయోగశాలలో నిలబడవలసినవాళ్ళు మీరే.

పిల్లలకు రెండు మాటలు

కార్యదర్శిగారి ప్రశ్న మిగిలిపోయింది. సముద్రం చూడని పిల్లలకు సొరచేప ఎందుకు?

1965లో మన చాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున ఒక పెద్ద పరిశోధన జరిగింది. బొంబాయి టాటా సంస్థ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినో కణాల జాడ పట్టుకున్నారు. ఆ సంవత్సరమే దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలోనూ పట్టుకున్నారు. ఆకాశం నుంచి వచ్చే కణాన్ని వెదకడానికి వాళ్ళు ఎక్కడికి వచ్చారు? భూమి అడుగుకి, మన ఊరికి వచ్చారు. అయితే సముద్రం అడుగును వెదకడానికి కోలారు జిల్లా పిల్లలు వెళ్ళకూడదని ఎవరన్నారు? తెలుసుకోవలసినది ఎక్కడుంటే అక్కడికి వెళ్ళడమే చదువు.

దారులు కూడా ఉన్నాయి. మన రాష్ట్రంలోనే మంగళూరులో 1969లో స్థాపించిన ఫిషరీస్ కాలేజీ ఉంది. మన దేశంలో మొట్టమొదటిది అదే. ఆంధ్రలో నెల్లూరు దగ్గర ముత్తుకూరులో ఇంకొకటి ఉంది. పి.యు.సి.లో జీవశాస్త్రం తీసుకున్నవాళ్ళు మెడికల్ సీటు రాలేదని ఏడుస్తూ కూర్చోకుండా ఇటువైపు చూడండి. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం ఉంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 6,000 మీటర్ల లోతుకు మనుషుల్ని తీసుకుపోయే 'మత్స్య 6000' అనే వాహనాన్ని రూపొందిస్తోంది. మన గనికి ఇంచుమించు రెండింతల లోతు! లోతు అంటే భయపడని ఊరి పిల్లలు దానికి కావాలి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. గని మూతపడ్డాక మనలో ఒక తొందర వచ్చింది. పిల్లవాడు పది పాసవగానే ఎక్కడో ఒక చోట చేరి నాలుగు రూపాయలు తెస్తే చాలు అనే తొందర. ఆ తొందర ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. మా ఇంట్లోనూ వచ్చింది. మా అవ్వ తన చెవుల కమ్మలు తాకట్టు పెట్టి నన్ను బి.ఎస్సీ.లో చేర్పించింది. "ఆలస్యమైనా కానీ, సగంలో కోయొద్దు" అన్నది. చదువురాని మా అవ్వకు తెలిసిన ఈ మాటనే ముళ్ళ సొర కూడా చెప్తోంది. నెమ్మదిగా ఎదిగేదాన్ని మధ్యలో కోస్తే పద్నాలుగేళ్ళ పెంపకానికీ ఫలితం సున్నా. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఈ లెక్క గుర్తుంచుకోండి. ట్రస్టు ఈ రోజు ఇస్తున్న డబ్బు పెద్ద మొత్తం కాకపోవచ్చు. కాని ఇంకొక ఏడాది ఆగడానికి అది ఆసరా.

పిల్లలూ, సెలవుల్లో ఎప్పుడైనా చెన్నై వెళ్తే సముద్రం దగ్గర కాసేపు నిలబడండి. మన ఊరి పేరు పెట్టుకున్న తీరం అది. అలలను చూసి వచ్చేయకండి. ఆ నీళ్ళ కింద, చాలా దూరంగా, చాలా లోతున, పచ్చటి కళ్ళతో ఒక తల్లి సొర ఒక్క బిడ్డను కడుపులో పెట్టుకొని చీకట్లో నెమ్మదిగా ఈదుతూ ఉంటుందని తలుచుకోండి. దాని గురించి మనకు ఇంకా తెలియనివి ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్కటైనా ఈ సభలో కూర్చున్న మీలో ఒకరు కనుక్కోవాలని నా ఆశ.